వారసులు కొట్టుకుంటే ఇల్లు ఎవరిపాలు?

పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు 2024 సెప్టెంబరు 13న కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. ఈ దీవులు ఒకనాడు చోళ సామ్రాజ్యానికి నౌకాస్థావరమన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. అంతకు ముందు ఏడాది మే 28న కొత్త పార్లమెంటు భవనంలో నిలబెట్టిన సెంగోలుకూ చోళ సంప్రదాయాన్నే ఆధారంగా చూపారు. అధికారం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ధర్మబద్ధంగా, ప్రశాంతంగా అందడానికి అది చిహ్నమని మనకు బోధించారు.

రాజధాని పేరు మారేటప్పుడు దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ రైతును ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నకు అర్థం లేదు. అడగడానికి అక్కడ శాసనసభే లేదు. దీవులన్నిటికీ కలిపి లోక్‌సభలో ఒకే ఒక్క స్థానం. ఊరికి పంచాయతీ ఉంది, పైన ఢిల్లీ నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్ ఉన్నారు. నడుమ తనదని చెప్పుకోదగిన ప్రభుత్వం లేకపోతే ఎలా ఉంటుందో తుష్నాబాద్‌కు అనుభవం. తెలుగువారికి అది ఇంకా అనుభవంలోకి రాలేదు. రానివ్వకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు చోళుల సంగతి. తంజావూరులోని రాజేంద్రచోళుని శాసనం ఆయన 1025 ప్రాంతంలో సాగించిన సముద్ర దండయాత్రలో జయించిన చోట్ల పట్టిక ఇస్తుంది. అందులోని ‘మానక్కవారం’ నికోబార్ అని చరిత్రకారులు గుర్తించారు. దండెత్తిన చోట్ల పట్టిక నుంచి నౌకాస్థావరం దాకా పోవాలంటే చాలా దూరం ఈదాలి. అయినా నా తగాదా దానితో కాదు. అధికారం ప్రశాంతంగా చేతులు మారిందన్న మాటతో. ఎందుకంటే ఆ రాజేంద్రుని కాలంలోనే, ఆయన చేతులమీదుగానే నడిచిన ఒక సింహాసన కలహం మన ఇంటి కథ. అదే వేంగి కథ.

తూర్పు చాళుక్యుల ఇంట వారసత్వానికి స్థిరమైన కట్టడి ఎన్నడూ నిలవలేదు. 10వ శతాబ్ది మొదటి సగంలో మొదటి అమ్మరాజు పోగానే బాలుడైన బేత విజయాదిత్యునికి పట్టం కట్టారు. పక్షం రోజులకే తాళరాజు అతణ్ణి తోసేశాడు. ఆ తాళరాజు ఏలుబడి ఒక నెల. తరువాత వచ్చిన విక్రమాదిత్యునికి ఏడాదైనా నిండలేదు. ఆ శతాబ్ది ముగిసేసరికి రాజ్యం పోగొట్టుకున్న శక్తివర్మకు తంజావూరు రాజరాజచోళుని సేనలే దిక్కయ్యాయి. 999 ప్రాంతంలో సింహాసనం తిరిగి దక్కింది. దానితోపాటు చోళుని నీడ కూడా వేంగి మీద పడింది.

శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడు రాజరాజచోళుని కూతురు కుందవను పెళ్లాడాడు. ఆమె కొడుకు రాజరాజనరేంద్రుడు. మరో రాణి కొడుకు విజయాదిత్యుడు. తండ్రి పోయాక చోళ మేనమామ అండతో రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. కల్యాణి చాళుక్యుల అండతో సవతి తమ్ముడు ఎదురు తిరిగాడు, 1031 ప్రాంతంలో సింహాసనం ఎక్కాడు, కొన్నేళ్లకు దిగాడు. ఈ అన్నదమ్ముల తగవు కోసం తంజావూరు, కల్యాణి మన పొలాల్లో యుద్ధం చేశాయి. అక్కడ కూలిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికి రాజరాజనరేంద్రుడు గుళ్లు కట్టించిన సంగతిని కలిదిండి శాసనం చెబుతుంది. ఆ పోరులో తొక్కుడుపడ్డ పంటల లెక్క ఏ శాసనమూ చెప్పదు.

ఈ రాజే నన్నయ చేత తెలుగు భారతాన్ని ఆరంభింపజేశాడు. జ్ఞాతుల పోరులో కులం ఎలా నశించిందో చెప్పే కథను, సవతి తమ్ముడితో సింహాసనానికి పెనుగులాడినవాడే మన భాషకు తెప్పించాడు.

ఆ తరువాతి మలుపు చూడండి. 1061లో రాజరాజనరేంద్రుడు పోయాడు. విజయాదిత్యుడు మళ్లీ వేంగిని పట్టాడు. ఇన్నాళ్లూ అతనితో పోరాడిన చోళులే, వీరరాజేంద్రుని కాలంలో, వేంగిని జయించి అతనికే అప్పగించారు. తమ ఆడపడుచు కొడుకును పక్కకు నెట్టారు. అండ ఇచ్చేవాడికి చుట్టరికం ఒక సాకు మాత్రమే. అతనికి కావలసింది మాట వినే రాజు. 1070లో వీరరాజేంద్రుడు, వెంటనే అతని కొడుకు అధిరాజేంద్రుడు మరణించారు. ఆ గందరగోళంలో వేంగి రాకుమారుడే కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. మనవాడు చోళ చక్రవర్తి అయ్యాడని మురిసిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయన ఏలుబడిలో వేంగి ఏమైంది? చక్రవర్తి కొడుకులు వంతులవారీగా వచ్చి పాలించిపోయే రాష్ట్రమైంది. నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన స్వతంత్ర రాజ్యానికి అదీ ముగింపు. సెంగోలు కథలో ఈ అధ్యాయం లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే భూగోళం ఆవలి కొసన నార్మన్ల ఇంట ఇదే నాటకం నడిచింది. 1066లో ఇంగ్లండును జయించిన విలియం 1087లో కన్నుమూస్తూ పెద్దకొడుకు రాబర్టుకు నార్మండీని, విలియం రూఫస్‌కు ఇంగ్లండును వదిలాడు. చిన్నవాడైన హెన్రీకి డబ్బు మాత్రం ఇచ్చాడు. 1100 ఆగస్టు 2న రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోయాడు. హెన్రీ వించెస్టరులోని ఖజానాకు పరుగెత్తి, మూడు రోజులకల్లా కిరీటం పెట్టుకున్నాడు. 1106లో టించెబ్రే యుద్ధంలో అన్నను పట్టి బంధించాడు. రాబర్టు 28 ఏళ్లు చెరలోనే ఉండి 1134లో చనిపోయాడు. హెన్రీ ఏకైక ధర్మపుత్రుడు 1120లో ఓడ మునిగి పోయాడు. కూతురు మెటిల్డాను అంగీకరిస్తామని 1127లో ప్రభువులందరి చేతా హెన్రీ ప్రమాణం చేయించాడు. 1135 డిసెంబరు 1న ఆయన పోగానే ఆ ప్రమాణం గాలికి పోయింది. మూడు వారాలకే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం ధరించాడు. తరువాత దాదాపు రెండు దశాబ్దాలు అంతర్యుద్ధం. ఆఖరికి గెలిచిందెవరు? మెటిల్డా భర్త ఆంజూ ప్రభువు 1144 కల్లా నార్మండీని తన వశం చేసుకున్నాడు. ఆయన కొడుకు 1154లో ఇంగ్లండు రాజయ్యాడు. నార్మన్ వంశం పేరు చెరిగి ఆంజూ వంశం నిలిచింది.

హెన్రీ మాటలు ఇప్పించుకున్నాడు గాని కూతురికి అధికారం ఇవ్వలేదు. మన గణపతిదేవుడు తాను బతికి ఉండగానే రుద్రమను పాలనలో భాగస్వామిని చేశాడు. తరువాత ఎదురుతిరిగినవారు లేకపోలేదు, అయినా ఓరుగల్లు ఆమె చేతిలోనే నిలిచింది. వారసత్వం మంచిదని దీని అర్థం కాదు. ముందే, బహిరంగంగా నిర్ణయమైన కట్టడి ఉంటే పరాయివాడు చొరబడే సందు తగ్గుతుందని మాత్రమే.

ఇక మన కాలానికి వద్దాం. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ పార్టీ, పదవి అల్లుడి చేతికి వెళ్లిన తీరును తెలుగుదేశం మరచిపోవాలనుకుంటుంది, తెలుగువారు మరచిపోలేదు. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి మరణించాక మొదలైన వారసత్వపు ఆరాటం 2011లో ఒక పార్టీ అయింది. 2024లో అన్నకు ఎదురుగా చెల్లెలిని జాతీయ పార్టీ రాష్ట్ర అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టింది. 2025 సెప్టెంబరులో భారాస అధినేత తన కూతురినే పార్టీ నుంచి సస్పెండ్ చేశారు. పార్టీని భాజపాలో కలిపేసే ప్రయత్నం జరిగిందని అంతకు ముందే ఆమె ఆరోపించారు. మహారాష్ట్రలో బాబాయి, అబ్బాయి తగువులో పార్టీ పేరు, గడియారం గుర్తు ఎవరివో 2024 ఫిబ్రవరిలో ఢిల్లీలోని ఎన్నికల సంఘం తేల్చింది. తంజావూరు, కల్యాణి అన్న పేర్లు మారాయి, అంతే. ఇంట్లో తేలని తగువును తీర్చడానికి పిలిచినవాడు ఇల్లు చూసుకుని పోడు, ఇంట్లోనే ఉండిపోతాడు.

ప్రజలే గెలిపిస్తున్నారు కదా, ఇది రాచరికం ఎలా అవుతుందని అడుగుతారు. ప్రజలు శాసనసభ్యుణ్ణి ఎన్నుకుంటున్నారు. ఎవరికి టికెట్ ఇవ్వాలో, ఎవరు పార్టీకి అధినేతో నిర్ణయించే గదిలోకి కార్యకర్తకు కూడా ప్రవేశం లేదు. 2022 జూలైలో వైకాపా ప్లీనరీ తన నాయకుణ్ణి జీవితకాల అధ్యక్షుణ్ణి చేసింది. శాశ్వత పదవులు ప్రజాస్వామ్య విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. అయితే ఆ సంఘం చేతిలోనూ కత్తి లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ పార్టీని నమోదు చేసే అధికారం ఇచ్చింది. నియమావళిని ఉల్లంఘించినందుకు ఆ నమోదును రద్దు చేసే అధికారం మాత్రం లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. కుటుంబ పాలనను రోజూ తిట్టే జాతీయ పార్టీ కేంద్రంలో అధికారంలో ఉండి కూడా ఈ చట్టాన్ని ముట్టుకోలేదు. ప్రాంతీయ పార్టీల్లో వారసుల పోరు ఎవరికి లాభమో దానికి తెలుసు.

కావలసినవి మూడు. గడువు తీరేసరికి రహస్య ఓటుతో పార్టీ అధ్యక్ష ఎన్నిక. ఒక వ్యక్తి ఆ పదవిలో ఉండడానికి కాలపరిమితి. ఈ రెండూ తప్పిన పార్టీకి ఉమ్మడి గుర్తు దక్కకుండా చట్టం. ఇవి కుటుంబాలను నిషేధించవు. కొడుకో కూతురో పోటీ చేసి గెలవవచ్చు. తగువు వస్తే తీర్చవలసినది కార్యకర్తల ఓటు, ఢిల్లీ కటాక్షం కాదు.

తుష్నాబాద్ పౌరుడికి సొంత శాసనసభ లేకపోవడం రాజ్యాంగం గీసిన హద్దు. మనకు సభలున్నాయి, ఓట్లున్నాయి, మన పేరుతో పుట్టిన పార్టీలున్నాయి. వేంగిని చోళులు కత్తితో గెలిచింది తక్కువ, అన్నదమ్ములు పిలిచి ఇచ్చింది ఎక్కువ. సెంగోలుకు మొక్కేవారూ, దాన్ని వెక్కిరించేవారూ ముందు తమ ఇంటి దండం ఎవరి చేతిలో ఉందో, అది ఎవరి ఓటుతో వచ్చిందో చెప్పాలి.