పిల్లల భయానికి "ఏం కాదులే" జవాబు కాదు

జూలై వానలు మొదలైతే గోదావరి, శబరి ఒడ్డు గూడేల్లో చిన్నపిల్లలు అడిగేది ఒకటే: "అమ్మా, మళ్ళీ నీళ్ళొస్తాయా?" మనం చెప్పేదీ ఒకటే: "ఏం కాదులే, పడుకో." ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో పిల్ల నోరు మూతపడుతుంది గానీ భయం పోదు.

పట్నం పిల్లలు వాతావరణ మార్పు గురించి టీవీలో చూసి భయపడితే, ఆ వార్తలు తగ్గించమని చెప్పొచ్చు. మన దగ్గర టీవీ కట్టేస్తే సరిపోదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే! కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. అది చూసిన పిల్లలకు గుర్తుంది. తర్వాత పుట్టినోళ్ళు మన మాటలు విని భయపడుతున్నారు. వాళ్ళతో "ఏం కాదు" అంటే ఎలా నమ్ముతారు?

నిజమే చెబుదాం, వయసుకు తగ్గట్టు. "గాలి వేడెక్కితే ఎక్కువ తేమ పట్టుకుంటది, కురిస్తే ఒక్కసారే కుమ్మరిస్తది. నీళ్ళు రావొచ్చు. వస్తే ఈ దారిన గుట్టకు పోతాం. మేకల్ని అయ్య తోలుకొస్తాడు. నీ పుస్తకాలు ఈ సంచిలో పెడతాం." వానలకు ముందే ఆ దారిలో ఒకసారి నడిపించండి. దారి తెలిసిన పిల్లకు సగం భయం తగ్గుతుంది. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడు ఎట్లా బయటపడ్డారో తాతలతో చెప్పించండి.

"చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు" అనే పెద్దలున్నారు. చెప్పకపోతే వాళ్ళు ఊహించుకునేది ఇంకా పెద్దగా ఉంటుంది.

ఇంకో మాట. బడిలో మొక్క నాటించి "భూమిని మీరే కాపాడాలి" అంటారు. మొక్క నాటడం మంచిదే. కానీ ఆరేళ్ళ పిల్ల నెత్తిన భూమి మొత్తం పెట్టడం అన్యాయం. భూమిని వేడెక్కించింది లెక్క లేకుండా తగలేసిన బొగ్గు, పెట్రోలు. ఇప్పపువ్వు ఏరుకుని బతికే గూడెం కాదు. "ఇది నీ తప్పు కాదమ్మా" అని ఇంట్లో చెప్పాలి.

అన్నీ వాతావరణం మీదికి నెట్టేయడమూ తప్పే. పోలవరం ముంపు ఊళ్ళను 41.15 కాంటూరు, 45.72 కాంటూరు అని విడగొట్టి, ఎవరికి ముందు పునరావాసం, ఎవరికి తర్వాత అని తేల్చింది వాన కాదు, మనుషులు. మనుషులు చేసింది మనుషులే మార్చగలరు. పిల్లలకు మనం ఇవ్వగలిగిన అసలు ధైర్యం ఇదే.

అందుకే గ్రామసభకు పిల్లల్ని వెంట తీసుకుపోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. మన అడవిని కాపాడుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. అమ్మ లేచి అధికారిని నిలదీయడం చూసిన బిడ్డకు, భయాన్ని ప్రశ్నగా మార్చొచ్చని ఎవరూ వేరే నేర్పక్కర్లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి భూమి పండుగకు గూడెంలో అందరం కలుస్తాం కదా. ఆ రోజే పిల్లల్ని కూర్చోబెట్టి, గుట్ట దారి వాళ్ళ చేతే గీయిద్దాం. వాళ్ళు అడిగే ప్రశ్నలు రాసి, గ్రామసభ ముందు పెడదాం.

జై ఆదివాసీ!