అండమాన్‌లో కూల్చిన స్లాబు ఎక్కడికి పోవాలి?

జీఎస్-3లో నిర్మాణ వ్యర్థాల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది 2016 నిబంధనలు రాసి, జీడిమెట్లలోని 500 టన్నుల ప్లాంటును ఉదాహరణగా ఇచ్చి పేజీ తిప్పేస్తాం. హైదరాబాద్ బదులు అండమాన్ పెట్టి చూడండి. జవాబు మారిపోతుంది.

అక్కడ ఇంటికి కావాల్సిన సిమెంటు, ఇనుము చెన్నై నుంచో మన విశాఖ నుంచో సుమారు 1,200 కిలోమీటర్లు ఓడలో రావాలి. 2004 సునామీ తర్వాత కట్టిన శాశ్వత ఇళ్లకూ సామగ్రి అలాగే వెళ్లింది. మరి ఇసుక? బీచ్‌ల నుంచి తవ్వేవారు. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు 2002 మే 7న ఆ తవ్వకాన్ని ఏటా కనీసం 20 శాతం చొప్పున తగ్గించాలని ఆదేశించింది. ఇక కంకర కావాలంటే కొండ పగలాలి. ఇంత కరువులో ఉన్నచోట పాత స్లాబును చెత్త అనడం నాకు మింగుడుపడదు.

చిన్న లెక్క వేయండి. 100 చదరపు మీటర్ల ఇంటికి 5 అంగుళాల స్లాబంటే సుమారు 12.5 ఘనపు మీటర్లు, అంటే 30 టన్నులు. గోడలు, పునాది ఇందులో లేవు. అయితే 2016 నిబంధనలు ప్రణాళిక ఇమ్మని అడిగింది రోజుకు 20 టన్నులు లేదా నెలకు ఒక ప్రాజెక్టులో 300 టన్నులు దాటేవారినే. కూలీలు నాలుగు రోజులు నిదానంగా కొడితే ఈ స్లాబు ఆ గీత దాటేది కాదు! 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా తెచ్చిన 2025 నిబంధనల్లోనూ ఉత్పత్తిదారు బాధ్యత 20,000 చదరపు మీటర్లు, ఆపై ప్రాజెక్టులకే. ద్వీపాల్లో ఉండేవి ఎక్కువగా ఒకటి, రెండు అంతస్తుల ఇళ్లు.

ఇంజనీరింగ్ చదివినవాడిగా ఒక అభ్యంతరం నేనే లేవనెత్తుతాను. సముద్రపు ఇసుకతో కట్టిన పాత ఇల్లయితే శిథిలాల్లో ఉప్పు ఉంటుంది, అది ఊచలను తినేస్తుంది. పైగా అండమాన్‌లో భూకంపాల ముప్పు ఎక్కువ. ఐఎస్ 383:2016 రీసైకిల్ కాంక్రీట్ కంకరను ఎం-25 వరకు ఆర్‌సీసీలో 20 శాతం దాకా ఒప్పుకుంటుంది. అయినా అక్కడి పిల్లర్లలో, బీముల్లో పరీక్ష చేయని కంకర వద్దనే అంటాను. కానీ ఎం-15 కన్నా తక్కువ బలపు కాంక్రీట్‌లో అదే కోడ్ 100 శాతం అనుమతిస్తోంది. ఫ్లోరింగ్ కింద బెడ్, ఇంటి చుట్టూ నడకదారి లాంటి చోట్ల ఇనుమే ఉండదు, కాబట్టి ఉప్పు భయం లేదు. బేస్‌మెంట్ ఫిల్లింగ్‌కు అసలు సిమెంటే అక్కర్లేదు. చేయాల్సిందల్లా చెక్క, ప్లాస్టిక్, మట్టి ఏరేయడం, జల్లెడ పట్టడం, కలిపే ముందు తడపడం. పాత మోర్టార్ నీళ్లు బాగా పీల్చుకుంటుంది మరి.

జీడిమెట్ల సైజు ప్లాంటు అక్కడ పెడితే సగం రోజులు ఖాళీగా ఉంటుందని నా అనుమానం. దీవి నుంచి దీవికి తీసుకెళ్లగల చిన్న క్రషర్ చాలు. కూల్చివేతకు అనుమతి ఇచ్చేటప్పుడే శిథిలాలు ఎక్కడికి వెళ్తాయో శ్రీ విజయపురం మున్సిపాలిటీ రాయించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రభుత్వ పనుల ఎస్టిమేట్లలో ఈ కంకరకు ఒక రేటు ఉండాలి. రేటు లేని వస్తువును కాంట్రాక్టర్ ముట్టుకోడు, కాంట్రాక్టర్ వాడనిదాన్ని ఇంటి మేస్త్రి నమ్మడు.