దాహం చంపుకుని చేసే ప్రయాణాలు

ప్రయాణం అనగానే మన ఆడవాళ్ళం ముందు మానేసేది మంచినీళ్ళు. వికారాబాద్ నుంచి తాండూరు సుమారు 40 కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికే పొద్దున టీ తాగి బయల్దేరి, మళ్ళీ ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టని వాళ్ళు మనలో ఎందరో. ఎండాకాలంలో కూడా అంతే. ఎందుకంటే ఒకటే మాట: "అక్కడి బాత్రూముకు ఎవరు పోతారు వదినా, ఏ రోగం అంటుకుంటుందో!"

అసహ్యం వేరు, రోగం వేరు. ఆ వాసనకు కడుపులో తిప్పడం సహజమే. కానీ అక్కడ ఒళ్ళు తగిలితే చాలు రోగం వస్తుందనుకోవడం మాత్రం తాడును చూసి పామనుకోవడమే.

మనల్ని ఎక్కువగా బాధపెట్టే యూరిన్ ఇన్‌ఫెక్షన్ చాలావరకు ఈ.కోలై అనే క్రిమి వల్ల వస్తుంది. అది ఎవరో కూర్చున్న సీటు మీది నుంచి కాదు, సాధారణంగా మన పేగుల్లోంచే వస్తుంది. ఆడవాళ్ళ మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, అందుకే అది లోపలికి పాకడం తేలిక. నీళ్ళు తాగకుండా గంటలకొద్దీ బిగబట్టుకుంటే దాన్ని బయటికి కడిగేసేది ఏముంటుంది? అంటే రోగానికి భయపడి చేసే పనే రోగానికి దారి తీస్తుంది. గనేరియా, సిఫిలిస్ క్రిములు ఒంటి బయట ఎక్కువసేపు బతకవు. హెచ్‌ఐవీ సీటు మీది నుంచి రాదు. గాయం లేని చర్మమే మనకు గోడ. నేల మీద కూర్చునే ఇండియన్ టైపులో అయితే చెప్పులు తప్ప ఏదీ తగలదు కూడా. సీటు ఉన్నచోట తుడుచుకుని కుదురుగా కూర్చోవడమే మేలు. సగం లేచి నిలబడితే మూత్రం పూర్తిగా పోదు.

అసలు పాము మన చేతుల్లో ఉంది. గొళ్ళెం, కుళాయి, మగ్గు పట్టుకున్న చేత్తోనే బయటికొచ్చి మిర్చి బజ్జీ తింటాం, పిల్లకు బిస్కెట్ తినిపిస్తాం. వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములకు అదే దారి. బ్యాగులో చిన్న సబ్బు ముక్క పెట్టుకుని 20 సెకన్లు చేతులు రుద్ది కడిగితే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

మన అనంతగిరి కొండ మీద క్షయ ఆసుపత్రి ఉంది కదా. క్షయ వచ్చిన మనిషికి కంచం, గ్లాసు వేరు పెట్టిన ఇళ్ళెన్నో. ఆ జబ్బు గాలి ద్వారా వస్తుంది, కంచం వల్ల కాదు. తెలియని భయం చివరికి మనిషినే వెలివేస్తుంది. "ఎవరు కూర్చున్నారో ఏమో" అన్న మాట కూడా అంతే. అది ఇంట్లోకి వచ్చి, మన గిన్నెలు తోమే ఆమెను మన బాత్రూముకు పోనివ్వని నియమం అవుతుంది. పాపం, ఆమె కూడా మనలాగే బిగబట్టుకుంటుంది.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ప్రయాణం ఉచితం. సంతోషమే. మరి దిగినచోట గొళ్ళెం పడే తలుపు, నీళ్ళు, లైటు, సబ్బు, ప్యాడ్ పడేసేందుకు మూత ఉన్న డబ్బా కూడా ఉండాలి కదా! అవి లేకపోతే ముక్కు మూసుకుని బయటపడతామే గానీ, ఒక కాగితం మీద రాసి ఇవ్వడానికి మాత్రం సిగ్గుపడతాం. నలుగురం కలిసి రాసి ఇద్దాం. శుభ్రం చేసే మనిషికి గ్లౌజులు, సమయానికి జీతం అందాలని కూడా అందులో రాద్దాం. ఆమె బాగుంటేనే ఆ గది బాగుంటుంది.

ఒక మాట మరవొద్దు. మంటతో పాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే బార్లీ నీళ్ళతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళు మంట మొదలవగానే పోవాలి.

బడికి పోయే పిల్లకు "అక్కడేమీ ముట్టకు, నీళ్ళు తక్కువ తాగు" అని చెప్పి పంపకండి. నీళ్ళు తాగమనండి, వచ్చినప్పుడు ఆపుకోవద్దనండి, చేతులు కడుక్కోమనండి. కుళాయిలో నీళ్ళు రాకపోతే టీచరమ్మను గట్టిగా అడగమనండి.