బలానికి మూలం కొలత

సాహిత్యం బోధించేవారికి యంత్రాల ప్రసక్తి ఎందుకని మా సహాధ్యాపకులు నవ్వవచ్చు. అయితే విద్యార్థులు కొందరు విరామ సమయాల్లో అమెరికా దేశపు పాత కార్ల గురించి, వాటి ఇంజన్లను విప్పి మరింత పెద్దవిగా మలచే విధానం గురించి ఎంతో ఉత్సాహంతో చర్చించుకోవడం మేము గమనించాము. ఆసక్తి కలిగి ఆ విషయం తెలుసుకున్నాము. తెలుసుకున్న కొద్దీ అది మన కళాశాలకు కూడా అవసరమైన పాఠమే అని తోచింది.

1964లో పాంటియాక్ సంస్థ మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల ఇంజనును అమర్చి జీ.టీ.ఓ. అనే పేరుతో విక్రయించింది. 'మజిల్ కార్ల' యుగానికి అదే నాంది అంటారు. 1970లో షెవ్రొలెట్ షెవెల్ కారుకు అమర్చిన 454 ఘనపుటంగుళాల ఎల్.ఎస్.6 ఇంజనుకు 450 అశ్వశక్తి ఉన్నట్లు ప్రకటించారు. ఆ ఇంజను పరిమాణం మన అంబాసిడర్ కారు 1489 సి.సి. ఇంజనుకు ఐదింతలు! వాహనాల పొగపై ఆంక్షలు, బీమా భారం, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ యుగానికి తెర దించాయి. అయినా ఆ కార్లను ప్రాణప్రదంగా చూసుకునేవారు ఆ దేశంలో నేటికీ ఉన్నారు. 'బిగ్ బ్లాక్' అని పిలిచే ఆ భారీ ఇంజన్లను 'స్ట్రోకర్' ఇంజన్లుగా మార్చేది వారే.

ఇంజను పరిమాణాన్ని పెంచడానికి రెండు మార్గాలు కలవు. సిలిండరును వెడల్పు చేయడం ఒకటి. పిస్టను కిందికీ పైకీ ప్రయాణించే దూరాన్ని, అనగా స్ట్రోకును, పెంచడం రెండవది. 454 ఇంజనులో సిలిండరు వ్యాసం 4.25 అంగుళాలు, స్ట్రోకు 4 అంగుళాలు. వ్యాసాన్ని 4.31 అంగుళాలకు బోరింగు చేసి, 4.25 అంగుళాల స్ట్రోకు గల క్రాంకుషాఫ్టును బిగిస్తే అదే ఇంజను 496 ఘనపుటంగుళాలు అవుతుంది. పెరిగిన 42లో బోరింగు వల్ల వచ్చింది సుమారు 13 మాత్రమే. మిగిలిన 29 లోపలి క్రాంకుషాఫ్టు ప్రసాదించినవే. గోడను అతిగా చెక్కితే అది పలుచబడి, వేడికి తాళలేక ఇంజను చెడుతుంది. వెలుపలి విస్తీర్ణానికి త్వరలోనే హద్దు వస్తుంది. లోపలి మార్పు వల్లనే అధిక ఫలం సిద్ధిస్తుంది.

అయితే ఆ ఫలం ఉచితంగా రాదు. స్ట్రోకు పావు అంగుళం పెరిగితే పిస్టను వీసమెత్తు కాదు, అంగుళంలో ఎనిమిదో వంతు పైకి వస్తుంది. కనుక దాని పిన్ను స్థానాన్ని మార్చిన కొత్త పిస్టన్లు కావాలి. 6.135 అంగుళాల కనెక్టింగు రాడ్డు స్థానంలో తరచు 6.385 అంగుళాల రాడ్డును వాడతారు. తిరిగే రాడ్డు బోల్టులు బ్లాకు అంచుకు తగులుతాయేమో, కామ్‌షాఫ్టును రాసుకుంటాయేమో చేతితో మెల్లగా తిప్పి చూడాలి. తగిలినచోట అరగదీయాలి. తిరిగే భాగాలన్నిటినీ తూచి సమతూకం చేయాలి. బేరింగులో నూనె నిలిచే సందు అంగుళంలో రెండున్నర, మూడు వెయ్యోవంతులకు మించకూడదు. నిమిషానికి 5500 చుట్ల వేగంలో పిస్టను సగటున నిమిషానికి 3900 అడుగుల దూరం పరుగెత్తుతుంది. కొలతలో దోషం ఉంటే అంతటి వేగం క్షమించదు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి మనవి చేస్తాము. కారుతో పాటు కర్మాగారం నుండి వచ్చిన అరుదైన అసలు ఇంజనును చెక్కరాదు. ఒకసారి చెక్కిన ఇనుము తిరిగి రాదు. దానిని భద్రపరచి, లారీలకూ పికప్పులకూ వాడిన మరో 454 బ్లాకును తెచ్చి దానిపై ప్రయోగం చేయడమే వివేకం. పూర్వుల సొత్తును కాపాడుతూనే కొత్త బలాన్ని సంపాదించవచ్చు.

ఇంత పెట్రోలు తాగే యంత్రం మనకెందుకని కొందరు ప్రశ్నిస్తారు. సబబైన ప్రశ్నే. ఆ కారు మనకు వద్దు. ఆ కొలత మాత్రం కావాలి. మన పట్టణాల్లో బోరింగు, క్రాంకు గ్రైండింగు చేసే షెడ్లు కొత్తవి కావు. అక్కడ ఉస్తాదుల వద్ద పనిచేసే శాగిర్దుల్లో మన విద్యార్థుల అన్నదమ్ములు ఎందరో ఉన్నారు. డిగ్రీ మధ్యలో మానుకొని షెడ్డులో చేరిన కుర్రవానిని చదువు చెడినవాడని మనం జాలిపడతాము. ఇది అన్యాయం. అంగుళంలో వెయ్యోవంతు అంటే మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని స్క్రూగేజీపై సుమారు రెండున్నర గీతలు. ఆ సాధనంతో తీగ మందం కొలిచి, మార్కులు తెచ్చుకొని, మరుసటి ఏడాదికి దాన్ని మరచిపోయేవాడు విద్యావంతుడా? అదే సాధనంపై ఒక కుటుంబపు జీవనోపాధిని నిలబెట్టేవాడు నిరక్షరాస్యుడా?

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. వారానికి రెండు సాయంత్రాలు ప్రయోగశాల తలుపులు షెడ్లలో పనిచేసే కుర్రవాళ్ల కోసం తెరవండి. కొలత వెనుక గల గణితాన్ని మన అధ్యాపకులు వారికి నేర్పుతారు. పాత ఇంజను ఒకటి తెప్పించి, ఒక ఉస్తాదును ఆహ్వానిస్తే చేతిలోని నేర్పును వారు మన విద్యార్థులకు చూపుతారు. దీనికి పెద్ద మొత్తం అవసరం లేదు. పని చేసేవాడిని గౌరవించే మనసు అవసరం.

విద్యార్థి సోదరులారా! పెద్ద బలం పెద్ద శబ్దంలో లేదు. దిమ్మె పాతదే అయినా లోపల కొలత సరిగా కుదిరితే అది కొత్త శక్తితో తిరుగుతుంది. మనమూ, మన కళాశాలా అట్లే తిరగాలని మా ఆకాంక్ష.