కడీలు పాతకముందే ఊరి పటం గీద్దాం

రఘునాథపల్లి మండలంలోని అక్కలారా, అన్నలారా, చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

హైదరాబాద్ నుంచి ఓరుగల్లుకు పోయే 163వ నంబరు జాతీయ రహదారి మన నడుమ నుంచే పోతున్నది. సికింద్రాబాద్–కాజీపేట రైలు పట్టాలూ మన నడుమ నుంచే. ఒకపక్క జనగామ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. ఇంకోపక్క స్టేషన్ ఘన్‌పూర్ 2025లో మున్సిపాలిటీ అయింది. రెండు పట్నాల నడుమ, పెద్దరోడ్డు మీద ఉన్న ఊరు ఎన్నాళ్లు పల్లెగా ఉంటుంది? పట్నం మన గడప దాకా వచ్చింది. రావద్దని చెప్పడానికి ఈ మాట రాయడం లేదు. రానివ్వండి. మన పిల్లలకు ఇంటి దగ్గరే కొలువు దొరికితే, అమ్మకు గుండెనొప్పి వస్తే అరగంటలో దవాఖాన చేరితే అంతకంటే కావలసిందేముంది? కానీ ఇంటికి చుట్టం వస్తున్నాడంటే ముందే మంచం ఎక్కడ వేయాలో, కాళ్లు కడుక్కునే నీళ్లు ఎక్కడ పెట్టాలో చూసుకుంటాం. ఒక పట్నం వస్తుంటే మాత్రం ఏ ఏర్పాటూ లేకుండా నిలబడి చూస్తున్నాం.

జనాభా పెరుగుతున్నదని అందరూ అంటారు. ఆ మాటను కాస్త నిదానంగా చూద్దాం. తెలంగాణలో ఒక తల్లికి సగటున పుట్టే పిల్లలు 1.8 మందేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇప్పుడు ఊళ్లు పెద్దవవుతున్నది పుట్టుకల వల్ల కాదు. ముగ్గురు అన్నదమ్ములు వేరుపడితే ఒక్క ఇల్లు మూడిళ్లవుతుంది, ఒక్క బోరు మూడు బోర్లవుతుంది. పనికోసం వచ్చినవాళ్లు రోడ్డు పక్కన అద్దెకు దిగుతారు. దుకాణాలు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు లేస్తాయి. ఇక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోని మనుషులు వచ్చి, రేపు ధర పెరుగుతుందని నాలుగు ప్లాట్లు కొని తాళం వేసిన గేటు పెట్టి పోతారు. జనం కంటే ముందు జాగా నిండిపోతున్నది. మనల్ని కలవరపెట్టవలసింది ఇదే.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. ఒక ఊళ్లో 5 వేల మంది ఉండి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది చొప్పున నివసిస్తూ, పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది సాగు కాని పనుల్లో ఉంటే జనాభా లెక్కలవాళ్లు ఆ ఊరిని పట్టణం కింద రాసుకుంటారు. అక్కడ మున్సిపాలిటీ ఉందా లేదా అన్నదానితో వాళ్లకు పనిలేదు. అంటే లెక్కలో పట్టణమై, పాలనలో గ్రామపంచాయతీగానే ఉండిపోయే కాలం ఒకటి ఉంటుంది. పట్నమంత చెత్త, పట్నమంత మురుగు, పట్నమంత బండ్ల రద్దీ. చేతిలో మాత్రం పంచాయతీకి ఉండే కొద్దిమంది సఫాయి కార్మికులు, ఒక ట్రాక్టర్. ఊళ్లు కుళ్లిపోయేది ఆ నడిమి కాలంలోనే. మన పని ఆ కాలం రాకముందే మొదలుపెట్టాలి.

నీళ్ల లెక్క ఒకటి వేసి చూడండి. మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు అనుకుని పైపులు వేశారు. 5 వేల మంది ఉన్న ఊరికి రోజుకు 5 లక్షల లీటర్లు. వాడిన నీళ్లలో 80 శాతం దాకా మురుగై బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే 4 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే ఎనభై ట్యాంకర్లు, ప్రతిరోజూ, పండుగనాడు కూడా. నల్లా ఎక్కడిదాకా వచ్చిందో మనం అడిగాం, కొట్లాడాం, తెచ్చుకున్నాం. ఈ ఎనభై ట్యాంకర్ల మురుగు ఎటు పోవాలని ఏ సభలో అడిగాం? అడగకపోతే దానికి తెలిసిన తోవ ఒక్కటే, పల్లానికి. పల్లాన ఉన్నది మన చెరువు.

జనగామ ప్రాంతం అంటే ఒకప్పుడు కరువే గుర్తొచ్చేది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతుల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఇవాళ గంగారం దగ్గర గోదావరిలో ఎత్తిన నీళ్లు మెట్టు మెట్టు ఎక్కి, జె. చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం కింద మన అశ్వరావుపల్లి రిజర్వాయర్ దాకా వస్తున్నాయి. అంత దూరం నుంచి, అంత కరెంటు కాల్చి పైకెక్కించిన నీటిని మురుగులో కలుపుకుంటే రేపు మన మనవలు మనల్ని ఏమని తలుచుకుంటారు? మిషన్ కాకతీయలో పూడిక తీసుకున్న చెరువులను అదే చేతులతో ప్లాట్లు చేసి అమ్ముకుంటే, తీసిన పూడికకు అర్థమేముంది?

ఓరుగల్లు మనకు దూరం కాదు. 2023 జులైలో అక్కడ కాలనీలకు కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కాకతీయులు ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేటట్టు గొలుసుకట్టు కట్టిన నేల అది. ఆ గొలుసులో ఒక్కో లంకెను మనిషి తెంపుతూ వచ్చాడు. నాలాలు ఇరుకయ్యాయి, శిఖం భూములు ఇళ్లయ్యాయి. వాన మాత్రం తన పాత తోవను మరిచిపోలేదు. ఓరుగల్లు మాస్టర్ ప్లాన్ ఒకటి 1970ల నాటిది. దాని తర్వాత 2041 దాకా చూపుతో కొత్త ప్లాన్ ఖరారైంది 2024 నవంబర్‌లో. మధ్యలో యాభై ఏళ్లు. అంత పెద్ద పట్నానికే అన్నేళ్లు పడితే, మన ఊళ్ల వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోగలమా?

హైదరాబాద్ కథ ఇంకా పాతది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. గొప్ప పనులే, కాదనను. కానీ ఆ పనులన్నీ శవాలు లేచిన తర్వాత చేసినవి. మనకు ఆ అవసరం రావొద్దు.

ఇక మన చేతిలో ఏముందో చూద్దాం. చాలానే ఉంది. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, గ్రామీణ గృహనిర్మాణం సహా 29 అంశాలను పంచాయతీలకు అప్పగించేందుకు దారి తీసింది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. కనీసం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని అందులో రాసి ఉంది. ప్రతి పంచాయతీకి ఏటా అభివృద్ధి ప్రణాళిక ఉండాలి, దాన్ని గ్రామసభ ముందు పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు దగ్గరగా మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. ఓటు వేయడంతో మన పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఓటు వేసింది ఒక్కరోజు. గ్రామసభకు పోవలసింది ఐదేళ్లు.

గ్రామసభ అంటే మనకు అలవాటైన బొమ్మ ఒకటుంది. పది మంది చెట్టుకింద కూర్చుంటారు, కార్యదర్శి రిజిస్టర్ చదువుతాడు, రేషన్ కార్డు, పింఛను సంగతులు అడుగుతారు, సంతకాలు పెట్టి లేస్తారు. పింఛను అడగడం తప్పు కాదు, అది హక్కు. కానీ మా ఊరి చెరువు హద్దు ఎక్కడ అని అడిగినవాళ్లు ఎందరు? పదేళ్ల తర్వాత మన బడికి ఆటస్థలం ఎక్కడ ఉంటుంది అని అడిగిన తల్లులెందరు? ఆ ప్రశ్నలు అడగని సభలో ఎవరికి కావలసింది వాళ్లు రాసుకుపోతారు.

అందుకే ఈ మాట. వచ్చే ఒకటి రెండు గ్రామసభల్లో ప్రతి ఊరూ తన పటం తాను గీయాలి. రఘునాథపల్లి, నిడిగొండ, కోమళ్ల, ఖిలాషాపూర్, ఏ ఊరైనా సరే. రెవెన్యూ నక్షా తెచ్చుకుని గోడకు అతికించండి. ముందు నీళ్లను గీయండి. చెరువు, దాని పూర్తి నీటిమట్టం, మత్తడి, తూములు, వాగు, పంట కాలువలు, కుంటలు. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకంటే పెద్ద చెరువుకు పూర్తి నీటిమట్టం అవతల 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ఆ గీతను నీలం రంగుతో గీసి, ఆ రంగు మీద ఎవరూ ఇల్లు కట్టవద్దని తీర్మానం రాయండి. తర్వాత ఊరుమ్మడి భూములు. బంచరాయి, శ్మశానం, గౌడన్నలకు అన్నం పెట్టే తాటివనాలు, ఈతవనాలు, గొల్లకుర్మల మేత దారులు. ఆ తర్వాతే బడి, దవాఖాన, అంగడి, డంపింగ్ యార్డు, మురుగు శుద్ధికి జాగా. ఇళ్లకు జాగా చివర. ఈ వరుస తలకిందులైనందుకే ఇన్ని పట్నాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి.

వెంచర్ల గురించి నిక్కచ్చిగా మాట్లాడుకుందాం. భూమి అమ్ముకున్న రైతును నేను తప్పుపట్టను. బిడ్డ పెళ్లికి, కొడుకు చదువుకు, ఆపరేషన్‌కు అమ్ముకుంటాడు. కానీ అనుమతి లేకుండా ఎర్రమట్టి రోడ్డు పోసి, కడీలు పాతి, రంగులు వేసి అమ్మే లేఅవుట్‌ను ఊరంతా చూస్తూ ఊరుకోవడం తప్పు. నిబంధన ప్రకారం లేఅవుట్ చేసినవాళ్లు పదో వంతు జాగాను ఖాళీగా వదిలి పంచాయతీకి ఉచితంగా రాసివ్వాలి. రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖాలో ఉండాలి. ఆ పదో వంతే రేపటి పార్కు, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు. ఆ జాగా వదలని చోట చివరికి నష్టపోయేది పది లక్షలు కూడబెట్టి ప్లాటు కొన్న చిన్న ఉద్యోగి, మేస్త్రీ, డ్రైవర్. 2020లో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్)లో, ఖాళీ స్థలం లేని లేఅవుట్లలో ప్లాటు ఉన్నవాళ్లను ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమన్నారు. రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లక్షల కుటుంబాలు తాము చేయని తప్పుకు వరుసలో నిలబడ్డాయి. మన మండలంలో ఇంకొక్క కుటుంబం ఆ వరుసలో నిలబడకూడదు. లేఅవుట్ అనుమతి నంబరు చూడకుండా కొనవద్దని చెల్లెలికి, బావమరిదికి, పక్కింటివాళ్లకు చెప్పండి. కొత్త వెంచర్ పడగానే అనుమతి పత్రం పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టమని అడగండి. పదిమంది కలిసి అడిగితే పెడతారు.

పదిమంది కలిస్తే ఏమవుతుందో చూడాలంటే గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి రండి. మన ఓరుగల్లు నేలదే. తాగునీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒక కమిటీ, ఇట్లా ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరంతా పని పంచుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో జనం ఆ ఊరిని చూడటానికి వచ్చారు. వాళ్లకు వేరే ఆకాశం ఏమీ లేదు. అదే ఎర్రమట్టి, అవే ఎండలు, అవే తగాదాలు. ఊరి పనిని తమ పనిగా పంచుకున్నారు, అంతే తేడా.

ఇంటిపన్ను కట్టండి. ఇది ఎవరికీ నచ్చని మాట, అయినా అంటాను. పన్ను కట్టినవాళ్లు డ్రైన్ గురించి గట్టిగా అడగగలరు. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలవాళ్లు ఇంటికి వస్తారు. 2011 తర్వాత పదహారేళ్లకు జరిగే లెక్క అది. ఇంట్లో ఎందరుంటే అందరినీ రాయించండి. అద్దెకున్న వలస కుటుంబాన్ని కూడా రాయించండి. మన ఊరికి వచ్చే నిధులు ఆ అంకెల మీద నడుస్తాయి. లెక్కలో లేని మనిషికి నల్లా రాదు.

ఖిలాషాపూర్ కోట మన మండలంలోదే. కల్లుగీసే ఇంట పుట్టిన సర్దార్ సర్వాయి పాపన్న ఆ కోటను ఆధారం చేసుకుని 1708లో ఓరుగల్లు మీదికి పోయాడు. వెంట నడిచినవాళ్లు గొప్పింటివాళ్లు కారు, మనలాంటి కులవృత్తుల మనుషులు. పటం గీయడానికి అంత సాహసం అక్కర్లేదు. ఊరి కోసం ఒక పూట చాలు. ఆ కోట చుట్టూ ఎంత జాగా వదలాలో, నిడిగొండ త్రికూటాలయం ముందు ఏం కట్టకూడదో కూడా అదే పటంలో రాసుకుందాం.

డిగ్రీ చదివే తమ్ముళ్లారా, మీ ఫోన్లలో ఉపగ్రహ చిత్రాలున్నాయి. పాత చిత్రం, ఇప్పటి చిత్రం పక్కపక్కన పెట్టి చెరువు ఎంత తగ్గిందో ముద్రించి సభకు తీసుకురండి. మహిళా సంఘాల అక్కలారా, పొదుపు లెక్క మీకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు, ఊరి ఖాతా పుస్తకం మీ ముందు తెరిపించండి. కొత్త సర్పంచులారా, మీ పేరు మీ పదవీకాలం తర్వాత కూడా నిలవాలంటే సీసీ రోడ్డు శిలాఫలకం కంటే ఒక చెరువు హద్దు ఎక్కువ కాలం నిలుస్తుంది.

వచ్చే గ్రామసభకు చాటింపు వినపడగానే ఇంటికొక్కరు కాదు, ఇంటిల్లిపాదీ కదలండి. మీ ఊళ్లో నీరటి పనిచేసిన ఇంటి పెద్దమనిషి ఇంకా ఉంటే, చెయ్యి పట్టుకుని నడిపించుకు రండి. ఏ కాలువ ఎటు పోయేదో ఆయనకు తెలుసు. ఆయన చెబుతుంటే పటం మీద గీయండి.