మగ్గమునకు చోటేది?

మత్తిగిరిలో ఇండ్లు పెరుగుచున్నవి, మగ్గమునకు చోటు తరుగుచున్నది. సభ్యులు ఎరిగిన విషయమే అయినను ఒకసారి కలిసి ఆలోచింపవలెనని వ్రాయుచున్నాము.

హోసూరులో సిప్కాట్ పారిశ్రామిక వాడ 1970 తరువాతి సంవత్సరములలో ఏర్పడినది. 1980 నాటి నుండి లారీల, మోపెడుల, గడియారముల కర్మాగారములు వెలసినవి. 2011లో మత్తిగిరి హోసూరు పురపాలక సంఘములో చేరినది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. పనికై వచ్చువారిలో పెండ్లికాని యువతీయువకులు, చిన్న సంసారముల వారు ఎక్కువ. వారికి ఒంటి గది, నీళ్లు, దగ్గరలో బస్సు ఉన్న చాలును. కట్టువారు అట్టి గదులే కట్టుచున్నారు. అది తప్పని మేము అనము.

కాని నేతవాని ఇల్లు వేరు. గుంటమగ్గమునకు నేల కావలెను. అది మేడమీద కుదరదు. పడుగు చాచుటకు వీధి పొడవు కావలెను. ముసలమ్మ కండెలు చుట్టుటకు వెలుతురుగల వసారా కావలెను. 2019–20 చేనేత గణనలో దేశమునందలి 35 లక్షలకు పైబడిన చేనేత పనివారిలో 72 శాతము స్త్రీలేయని తేలినది. వారిలో ఎక్కువమందికి ఇల్లే కార్ఖానా. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస యోజనలో పట్టణపు బీదలకు 30 చదరపు మీటర్ల వరకు ఇల్లనినారు. అందులో సంసారము ఇమిడిన మగ్గము ఇమడదు.

మా సభ్యుడొకరు పాత ఇల్లు పడగొట్టి అద్దె గదులు కట్టించెను. కుమారులిద్దరు కర్మాగారపు పనివారు. అప్పు తీరుటకు అద్దె కావలసివచ్చినది. మగ్గపు గుంట పూడ్చివేసిరి. మగ్గము విప్పి మిద్దెపై పెట్టిరి. ఆయన భార్యకు మాత్రము నేత పోయినది, చేతిలోని పైకమును పోయినది. ఆయనను నిందింపము, మేమైనను అట్లే చేసియుందుము.

కావున కోరునది రెండు. నేతవారికి ఇండ్లు మంజూరు చేయునపుడు మగ్గపు గదిని నేల అంతస్తులో చేర్చి లెక్కించవలెను. పడుగు పనికి ప్రతి పేటలో కొంత ఉమ్మడి స్థలము విడువవలెను. సభ్యులును ఇల్లు కట్టుటకు ముందు, మగ్గము ఎక్కడ ఉండునో ఇంటి ఆడవారిని అడిగి కట్టవలెనని మా మనవి.