పికప్పుబండికి అడుగురేకు

పొలముబాటలలో పికప్పుబండ్లు నడపు సభ్యులలో పలువురు అడుగురేకు, అనగా స్కిడ్ ప్లేటు, కొనునపుడు దాని మందమును మాత్రమే విచారించుచున్నారు. అది చాలదని మా అభిప్రాయము. గట్టురాయి తగిలి ఆయిలు చాంబరు పగిలెనేని నూనె కారిపోవును. ఆ సంగతి యెఱుగక కొంతదూరము నడపినచో ఇంజను బిగిసిపోవును. కావున ముందు చాంబరును, పిదప గేరుపెట్టెను కాపాడుకొనవలయును. కంపెనీవారు అమర్చు ప్లాస్టికు మూత బురదను ఆపునే గాని రాతిని ఆపజాలదు.

ఉక్కా, అల్యూమినియమా? 3 మి.మీ. ఉక్కురేకు చదరపు మీటరునకు సుమారు 23½ కిలోలు తూగును, 6 మి.మీ. అల్యూమినియము 16 కిలోలే. అయినను వంగిన ఉక్కును ఊరి వెల్డింగు కొట్టులోనే సరిచేయించుకొనవచ్చును గనుక మేము ఉక్కునే కోరుదుము. బండి అడుగంతయు కప్పించుట మాత్రము వృథా. 3 చదరపు మీటర్లకు 70 కిలోలగును. దాదాపొక ధాన్యపు బస్తాను దినదినము ఊరక మోయుటయే గదా!

రేకును ఛాసిస్ దూలములకే బిగింపవలయును; చాంబరునకు తగులరాదు. నూనె దింపుటకు రంధ్రముండవలయును. లేనిచో మెకానిక్కు దానిని విప్పి మూలకు చేర్చుటయు, మరల బిగింపకుండుటయు మేము పలుచోట్ల చూచితిమి.

వరికోతలనాడు వేఱొక భయము గలదు. రేకుపై చేరిన ఎండుగడ్డి పొగగొట్టపు వేడిమికి అంటుకొనవచ్చును. ఇంజను చల్లారిన పిమ్మట దానిని లాగివేయుడు. చేయి దూరుటకు సందులేని రేకును, ఎంత చవుకయైనను, కొనకుడు.